సూట్‌కేసులో వచ్చే ల్యాప్‌టాప్‌లు మన పిల్లలకు వద్దు



ఇది కాస్త పెద్ద పోస్టే. అయినా ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. వచ్చే సర్వసభ్య సమావేశంలో చెయ్యి ఎత్తే ముందు ఈ లెక్కలన్నీ మీ ముందు ఉండాలి. అందుకే రాస్తున్నాం.

విషయం మీకు తెలిసిందే. ఈ ఏడాది కాలేజీలో చేరుతున్న మన తెలుగు పిల్లల్లో, స్తోమత లేని పన్నెండు మందికి సంఘం తరఫున ల్యాప్‌టాప్‌లు ఇవ్వాలని కమిటీ తీర్మానించింది. ఆ తీర్మానానికి అడ్డు చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. పేచీ అంతా ఎక్కడ కొనాలన్న దగ్గర వచ్చింది. "అమెరికాలో చవక. మన పిల్లలు అక్కడే ఉన్నారు. వచ్చేపోయే పెద్దవాళ్లు తలా ఒకటి తెచ్చిపెడితే ఒక్కోదాని మీద ఎనిమిది వేలు మిగులుతుంది. ఆ మిగిలిన డబ్బుతో ఇంకో ఇద్దరికి ఇవ్వచ్చు" అని కొందరు పెద్దలు ప్రతిపాదించారు. వాళ్ల ఉద్దేశాన్ని మేము శంకించడం లేదు. పద్నాలుగు మందికి ఇవ్వచ్చంటే ఎవరికి చేదు? కానీ కమిటీలో మేము నలుగురం ఆ ప్రతిపాదనను వ్యతిరేకిస్తున్నాం. ఎందుకో చెబుతాం.

ముందు, ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. ఫారిన్ సరుకు అంటే చవక, ఫారిన్ సరుకు అంటే నాణ్యం అన్నది మన మద్రాసు తెలుగు ఇళ్లలో మూడు తరాల మాట. దానికి కారణం ఉంది. బర్మా నుంచి తిరిగొచ్చిన వాళ్లకు బతుకుతెరువుగా 1969లో బీచ్ స్టేషన్ దగ్గర బర్మా బజారు పెట్టారు. రంగూన్ నుంచి తిరిగొచ్చిన వాళ్లలో మన తెలుగువాళ్లూ ఎందరో ఉన్నారు. టేప్ రికార్డరు, కెమెరా, గడియారం, సెంటు సీసా ఏది కావాలన్నా జనం అక్కడికే పరుగెత్తేవాళ్లు. ఆ రోజుల్లో అది న్యాయమే. దేశంలో సరుకు దొరికేది కాదు, దొరికినా సుంకం తడిసి మోపెడయ్యేది. కంప్యూటర్ల సంగతి ఇక చెప్పనక్కర్లేదు. సింగపూర్ నుంచి మామయ్య తెచ్చిన వస్తువుకు వీధంతా వచ్చి చూసిపోయిన కాలం అది.

కానీ ఆ కాలం పోయి చాలా ఏళ్లయింది. ప్రపంచ వాణిజ్య సంస్థ సమాచార సాంకేతిక ఒప్పందంలో మన దేశం 1997లో చేరింది. దాని ప్రకారం కంప్యూటర్ల మీద మూల దిగుమతి సుంకం దశలవారీగా తగ్గుతూ 2005 నాటికి సున్నాకు వచ్చేసింది. ఇవాళ మనం కొట్లో కొనే ల్యాప్‌టాప్ ధరలో పన్ను అంటే ప్రధానంగా 18 శాతం జీఎస్టీయే. అంటే మన పెద్దల కాలం నాటి ఆ పెద్ద తేడా ఇప్పుడు లేదు. కారణం పోయింది, అలవాటు మాత్రం మిగిలింది. దూరపు కొండలు నునుపు అని ఊరికే అన్నారా?

"సరే, ఆ 18 శాతమైనా మిగులుతుంది కదా?" అంటారు. లెక్క వేద్దాం. అమెరికాలో 500 డాలర్ల ల్యాప్‌టాప్ అనుకుందాం. లెక్క సులువుగా ఉండేందుకు డాలరు 90 రూపాయలు అనుకుందాం. అంటే 45,000. అదే ధర మీద ఇక్కడ 18 శాతం జీఎస్టీ కలిపితే 53,100. తేడా 8,100. పన్నెండింటికి 97,200. ప్రతిపాదన పెట్టినవాళ్లు చూపిస్తున్న "ఇంకో ఇద్దరు పిల్లలు" ఇక్కడి నుంచే పుట్టారు.

కానీ అమెరికాలో కొట్టు మీద రాసిన ధర చివరి ధర కాదు. మన దగ్గర ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. అక్కడ బిల్లు కట్టే చోట అమ్మకపు పన్ను అదనంగా పడుతుంది. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లో రాష్ట్ర పన్ను 6.25 శాతం, స్థానిక పన్ను కలిపితే 8.25 దాకా. కాలిఫోర్నియాలో కనీసం 7.25, చాలా ఊళ్లలో అంతకంటే ఎక్కువే. డాలస్‌లో కొంటే ఆ 45,000 కాస్తా 48,700 పైచిలుకు అయింది. ఇక్కడి క్రెడిట్ కార్డుతో కడితే విదేశీ లావాదేవీ రుసుము చాలా కార్డులకు 3.5 శాతం దాకా ఉంటుంది, దాని మీద మళ్లీ జీఎస్టీ. అప్పుడు 50,700 దాటింది. తేడా 8,100 కాదు, సుమారు 2,400. పన్నెండింటికి 28,500. ఇద్దరు పిల్లలు కాదు, ఒక్క పిల్లకు కూడా ల్యాప్‌టాప్ రాదు.

నిజమే, ఆరిగన్, డెలావేర్, న్యూ హాంప్‌షైర్, మోంటానా లాంటి రాష్ట్రాల్లో అమ్మకపు పన్ను లేదు. కానీ మన సభ్యుల పిల్లలు పన్నులేని రాష్ట్రం చూసుకుని కాపురం పెట్టలేదు కదా. పండగ తగ్గింపులు అక్కడ ఉంటాయి అంటారా? ఇక్కడా ఉంటాయి. ఆయుధ పూజకు, దీపావళికి, కాలేజీలు తెరిచే రోజులకు ఇక్కడా తగ్గిస్తారు. అక్కడి తగ్గింపు ధరను ఇక్కడి పూర్తి ధరతో పోల్చి "చూశారా ఎంత చవకో" అనడం లెక్క కాదు.

ఇక డబ్బు ఎలా కడతామన్నది అడిగితే ఎవరూ సరిగ్గా జవాబు చెప్పడం లేదు. వ్యక్తులు విదేశాలకు డబ్బు పంపుకోవడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన పథకం వ్యక్తులకే, సంఘాలకూ ట్రస్టులకూ వర్తించదు. "అక్కడ మా అబ్బాయి డాలర్లలో కడతాడు, ఇక్కడ సంఘం నాకు రూపాయల్లో ఇచ్చేస్తే సరి" అని ఒక పెద్దాయన సులువుగా తేల్చేశారు. అయ్యా, అక్కడ డాలరు, ఇక్కడ రూపాయి, మధ్యలో బ్యాంకు లేదు. దీన్ని 1999 నాటి ఫెమా చట్టం ఏ కంట చూస్తుందో మన ఆడిటరు గారిని అడగండి. ఇంట్లో బావా బావమరుదుల మధ్య సర్దుబాటు వేరు. చందాలు వసూలు చేసి, రశీదులు ఇచ్చి, ఏటా లెక్కలు దాఖలు చేసే సంఘం వేరు.

"అయితే మన పిల్లలే కొని సంఘానికి విరాళంగా ఇస్తారు, డబ్బు గొడవే ఉండదు" అన్నది రెండో మాట. ఇది ఇంకా పెద్ద చిక్కు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010 డబ్బుకు మాత్రమే కాదు, వస్తువులకూ వర్తిస్తుంది. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి ఇస్తే ఇబ్బంది లేదు. కానీ అమెరికా పౌరసత్వం తీసుకున్న వాళ్లు, మన కడుపున పుట్టిన పిల్లలే అయినా, చట్టం దృష్టిలో విదేశీ మూలమే. ఓసీఐ కార్డు ఉన్నా అంతే. వాళ్ల నుంచి సంఘం వస్తువు తీసుకోవాలంటే ఆ చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి. మన సంఘానికి రెండూ లేవు. పన్నెండు ల్యాప్‌టాప్‌ల కోసం, కొన్ని దశాబ్దాలుగా మచ్చ లేకుండా నడుస్తున్న సంఘాన్ని నోటీసుల పాలు చేద్దామా?

ఇప్పుడు విమానాశ్రయం సంగతి. 18 ఏళ్లు నిండిన ప్రయాణికుడు తన సామానుతో పాటు ఒక ల్యాప్‌టాప్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. ఈ నిబంధన నిజమే. ఒక్కరికి ఒక్కటి. అది ప్రయాణికుడి సొంత సామానుకు ఇచ్చిన వెసులుబాటు. సంఘం పంచిపెట్టబోయే సరుకును పన్నెండు సూట్‌కేసుల్లోకి సర్ది తెప్పించుకోవడానికి ఇచ్చింది కాదు. 2023 ఆగస్టు 3న కేంద్రం ల్యాప్‌టాప్‌ల దిగుమతిని ఆంక్షల జాబితాలో పెట్టింది. పెద్ద కంపెనీలే గగ్గోలు పెడితే అమలు కొన్నాళ్లు వాయిదా వేసి, తర్వాత ముందస్తు అనుమతి పద్ధతి తెచ్చింది. కొరియర్‌లోనో పోస్టులోనో తెప్పించుకునే వ్యక్తికి ఒక్కదానికి మాత్రం మినహాయింపు ఇచ్చింది, అదీ పన్ను కట్టి. రూలు మాటలకు లొంగినా, రూలు ఉద్దేశానికి ఇది లొంగదు. ఈ మాట సంఘం లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టగలరా అని అడిగితే, ప్రతిపాదన పెట్టినవాళ్లే చూపు పక్కకు తిప్పుకున్నారు.

పైగా తెచ్చేది ఎవరు? అరవై దాటిన మన అమ్మలు, నాన్నలు. మనవల్ని చూసుకుని ఆరు నెలలకు తిరిగి వస్తారు. పద్దెనిమిది, ఇరవై గంటల ప్రయాణం. మధ్యలో ఎక్కడో విమానం మారాలి. అబ్బాయి కొనిచ్చిన ల్యాప్‌టాప్ ఒకటి అప్పటికే చేతి సంచిలో ఉంటుంది. ఇప్పుడు సంఘానిది రెండోది. ఆ రెండోది మామూలు సామాను పరిమితి లెక్కలోకి వస్తుంది, పరిమితి దాటితే సుంకం పడుతుంది. అర్ధరాత్రి రెండు గంటలకు మీనంబాక్కంలో దిగి, గ్రీన్ చానెల్ దగ్గర "ఇదెవరిదమ్మా?" అని అధికారి అడిగితే ఆమె ఏం చెప్పాలి? "మా సంఘం వాళ్లదండీ" అంటే ఒక చిక్కు, "నాదే" అంటే అబద్ధం. విమానం ఎక్కేటప్పుడు "ఎవరైనా మీకు ఏదైనా ఇచ్చి తీసుకెళ్లమన్నారా?" అని అడిగితే అక్కడ ఇంకో అబద్ధం. చెక్ఇన్ సామానులో పడేద్దామంటే లిథియం బ్యాటరీ ఉన్న వస్తువును చేతి సంచిలోనే ఉంచుకోమంటారు. మందుల సంచీ, పాస్‌పోర్టు, మోకాళ్ల నొప్పి, వీటి మీద రెండు కిలోల సంఘసేవ. మిగిలేది రెండు వేల నాలుగు వందలు. ఇది ఆమె చేత మనం చేయిస్తున్న చవక బేరం.

అన్నిటికంటే ముఖ్యమైనది వారంటీ. ఇక్కడే మాకు నిజంగా కోపం వస్తోంది.

కొన్ని కంపెనీల వారంటీ దేశాలు దాటుతుంది, కొన్నిటిది దాటదు. యాపిల్ మ్యాక్ ఏడాది వారంటీ సాధారణంగా ఇక్కడా చెల్లుతుంది, కానీ మన బడ్జెట్టుకు అది అందదు. లెనొవోలో థింక్‌ప్యాడ్ లాంటి వాటిలో చాలా మోడళ్లకు అంతర్జాతీయ సేవ ఉంది, అన్ని రకాలకూ లేదు. డెల్ అయితే కొన్న దేశం నుంచి ఇక్కడికి సర్వీస్ ట్యాగ్ వివరాలు మార్పించుకోవాలి. 500 డాలర్లలో దొరికే మామూలు రకాల్లో చాలావాటికి కొన్న దేశంలోనే సేవ. అక్కడి మోడల్ నంబరు ఇక్కడ అమ్మకంలోనే లేకపోతే మదర్‌బోర్డు, స్క్రీను విడిభాగాలు తెప్పించడానికే వారాలు పడుతుంది.

మన సభ్యుల్లో ఒకరి కొడుక్కి దుబాయ్ నుంచి ల్యాప్‌టాప్ వచ్చింది. కీల మీద ఇంగ్లీషు పక్కన అరబ్బీ అక్షరాలు. అదైనా సర్దుకున్నాడు. ఏడో నెలలో స్క్రీను పోయింది. సర్వీస్ సెంటర్‌లో నంబరు చూసి "ఇది మా పరిధిలోది కాదు, కొన్న చోటికి పంపండి" అన్నారు. చివరికి బయట బాగుచేయించుకుంటే, చవకగా వచ్చిందనుకున్న డబ్బంతా అక్కడే పోయింది. ఆయనకు జీతం ఉంది కాబట్టి భరించాడు. మనం ఇవ్వబోయేది ఎవరికి? తండ్రి కార్పొరేషన్‌లో పారిశుద్ధ్య పని చేసే ఇంటి పిల్లకు. తల్లి నాలుగిళ్లలో పాచిపని చేసే ఇంటి పిల్లాడికి. వ్యాసర్‌పాడి, పుళియంతోపు నుంచి రెండు బస్సులు మారి కాలేజీకి పోయే పిల్లలకు. వాళ్ల ల్యాప్‌టాప్ పరీక్షల ముందు ఆగిపోతే ఎవరికి ఫోన్ చేస్తారు? డాలస్‌లో ఉన్న మన అబ్బాయికా? బిల్లు ఎవరి పేరు మీద ఉందో కూడా వాళ్లకు తెలియదు.

అదే ఇక్కడ కొంటే వాళ్ల చేతిలో చట్టం ఉంటుంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం కొన్నవాళ్లే కాదు, వాళ్ల అనుమతితో వాడేవాళ్లూ వినియోగదారులే. అంటే బిల్లు సంఘం పేరు మీద ఉన్నా ఆ పిల్ల సొంతంగా ఫిర్యాదు చేయవచ్చు. తానుండే జిల్లాలోనే వేయవచ్చు. 5 లక్షల లోపు వాటికి రుసుము కూడా లేదు. ముందుగా 1915కు ఫోన్ చేసినా చాలాసార్లు కంపెనీ దిగివస్తుంది. టెక్సాస్ బిల్లు పట్టుకుని ఆ పిల్ల ఎక్కడికి వెళ్లాలి?

"ఇక్కడి సరుకు నాసిరకం" అనే మాట కూడా వినిపించింది. ఈ మాట అన్న పెద్దమనిషి బెంగళూరు హైవే మీద శ్రీపెరుంబుదూర్ దాటి ఎన్నిసార్లు వెళ్లారో. డెల్ అక్కడ 2007 నుంచి కంప్యూటర్లు తయారు చేస్తోంది. హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లు ఆ ఊళ్లోని ఫ్లెక్స్ ఫ్యాక్టరీలోనే తయారవుతున్నాయి. కంప్యూటర్ల తయారీకి కేంద్రం 2023లో 17,000 కోట్ల ప్రోత్సాహక పథకం ప్రకటించింది. మన ఇంటికి నలభై కిలోమీటర్ల దూరంలో తయారయ్యే వస్తువు కోసం భూగోళం అవతలికి మనిషిని పంపుతామంటే ఏమనాలి? పొరుగింటి పుల్లకూర రుచి అనాలి.

ఇంకో సంగతి గుర్తుచేస్తాం. తమిళనాడు ప్రభుత్వం 2011 సెప్టెంబరు 15న విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్ పథకం మొదలుపెట్టింది. మన తెలుగు పిల్లలకూ ఆ పథకంలో వచ్చాయి. ఎల్కాట్ సంస్థ టెండర్లు పిలిచి కొన్నది. దాని మీద ఎవరికి ఎన్ని విమర్శలున్నా, సరుకు ఎక్కడి నుంచి వచ్చింది, ఎంతకు వచ్చింది, ఎవరు బాధ్యులు అన్నది కాగితం మీద ఉంటుంది. ఇచ్చేది పన్నెండైనా మన సంఘానికీ ఆ మాత్రం కాగితం ఉండొద్దా?

మమ్మల్ని అడగాల్సిన ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. "మీరు మాత్రం మీ ఇళ్లకు తెచ్చుకోలేదా?" తెచ్చుకుంటాం. తెచ్చుకోవద్దని ఎవరికీ చెప్పడం లేదు. అక్కడ ఉద్యోగం చేసి తిరిగొచ్చేవాళ్లు తమ ల్యాప్‌టాప్ తెచ్చుకుంటే తప్పేముంది? ఇక్కడ దొరకని మోడల్ కావాలన్నా, ఖరీదైన రకంలో తేడా పాతికవేలు దాటినా, అంతర్జాతీయ వారంటీ ఉందని కంపెనీ వెబ్‌సైట్‌లో చూసుకున్నా, సొంత డబ్బుతో సొంత పూచీ మీద కొనుక్కోండి. ఛార్జరు 100 నుంచి 240 వోల్టులదా కాదా చూసుకోండి. చాలావాటికి అంతే ఉంటుంది, పిన్ను మాత్రం మార్చుకోవాలి. సింగపూర్‌లో, దుబాయ్‌లో కొంటే పర్యాటకులకు పన్ను వాపసు ఉంది, కొనేటప్పుడు కొట్లోనే అడగండి. బ్రిటన్ మాత్రం 2021 నుంచి ఆ వాపసు ఎత్తేసింది. ఎమ్మెస్‌కు పిల్లల్ని పంపేవాళ్లకూ ఇదే మాట, కాకపోతే తిరగేసి. అక్కడ వాడేది అక్కడే కొననివ్వండి. విద్యార్థి తగ్గింపూ వస్తుంది, చెడిపోతే అక్కడే చూస్తారు. ఎక్కడ వాడతామో అక్కడ కొనాలి. మా వాదన అంతా ఈ ఒక్క వాక్యమే.

కానీ సొంతానికి మనం తీసుకునే పూచీని పేద పిల్లల నెత్తిన పెట్టకూడదు. ఊరికే వస్తోంది కదా, వారంటీ లేకపోతే ఏం అనుకోవడంలో ఒక చిన్నచూపు ఉంది. మన పిల్లలకు కొనేటప్పుడు మూడేళ్ల వారంటీ అడిగి, బిల్లు బీరువాలో దాచుకుంటాం. వాళ్లకు మాత్రం బిల్లు కూడా వద్దా?

మేము పెట్టబోయే సవరణ తీర్మానం ఇది.

ఒకటి: పన్నెండు ల్యాప్‌టాప్‌లూ చెన్నైలోనే, సంఘం పేరు మీద జీఎస్టీ బిల్లుతో కొనాలి. రిచీ స్ట్రీట్‌లో రెండు, టీ నగర్‌లో ఒకటి, కంపెనీ సొంత అమ్మకం నుంచి ఒకటి, మొత్తం నాలుగు కొటేషన్లు తీసుకోవాలి. రిచీ స్ట్రీట్ అయినా సరే "బిల్లు లేకుండా అయితే ఇంత" అన్న బేరం వద్దు. "ఇంపోర్టెడ్ పీస్" అని చూపించేది అసలే వద్దు. సూట్‌కేసు దారి వద్దని ఇంత రాసి, అదే సూట్‌కేసు సరుకు రిచీ స్ట్రీట్‌లో కొంటే నవ్వుతారు.

రెండు: మూడేళ్ల వారంటీ ఉండాలి, వీలైతే ఇంటికి వచ్చి చూసేది. పన్నెండు ఒకేసారి కొంటున్నాం కాబట్టి బేరంలో దీన్నే ముందు అడగాలి, ధర తగ్గింపు తర్వాత.

మూడు: ప్రతి పిల్లకూ పిల్లాడికీ బిల్లు నకలు, సీరియల్ నంబరు, సర్వీస్ సెంటర్ చిరునామా, 1915 నంబరు ఒక కాగితం మీద తెలుగులో, తమిళంలో రాసి ఇవ్వాలి. కమిటీలో ఒకరు మూడేళ్ల పాటు వీళ్లకు బాధ్యులుగా ఉండాలి. మాలో ఒకరం ఆ పని చేయడానికి సిద్ధం.

నాలుగు: ఆ "ఇంకో ఇద్దరు పిల్లల" సంగతి. వాళ్లను మేము వదిలెయ్యమనడం లేదు. వాళ్లకు కావలసింది సుమారు లక్షా ఆరు వేలు. సూట్‌కేసులు మోయిస్తే వచ్చేది ఇరవై ఎనిమిది వేలు, దానికి ఇన్ని చిక్కులు. ఈ ఉగాది వేడుకలకు హోటలు హాలు మానేసి మన సంఘం హాల్లోనే, మైకు సెట్టు మన సభ్యుడి దగ్గరే తీసుకుని, పులిహోర, బొబ్బట్లు మన ఇళ్లలోనే వండుకుంటే అంతకంటే ఎక్కువే మిగులుతుంది. కొరత పడితే మేము నలుగురం తలా ఐదు వేలు ఇస్తాం. భారత పాస్‌పోర్టు ఉన్న మన ప్రవాసి పిల్లలు బ్యాంకు ద్వారా పంపితే రశీదు ఇచ్చి సంతోషంగా తీసుకుందాం.

ప్రతిపాదన పెట్టిన పెద్దలకు ఒక విన్నపం. మీ మీద మాకు గౌరవం ఉంది. మీరు చూపిన లెక్క తప్పు అంటే కోపం తెచ్చుకోకండి. మా లెక్కలో తప్పుంటే కాగితం పెన్సిలు పట్టుకుని సమావేశానికి రండి, అందరి ముందూ మళ్లీ వేద్దాం. వాట్సాప్‌లో బొమ్మలు పెట్టి వెక్కిరించడం మాత్రం వద్దు.

ఇక సభ్యులకు. "ఎవరో ఒకరు చూసుకుంటారు" అని ఆ ఆదివారం ఇంట్లో ఉండిపోకండి. పది మంది చేతులతో తేలిపోయే విషయం ఇది. వచ్చి, విని, మీకు ఏది న్యాయమనిపిస్తే దానికే చెయ్యి ఎత్తండి.